చేలో దొరికిన రాయి గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

తొలకరి వాన వెలిసిన మర్నాడు జొన్నగిరి చేలల్లో నీకు దొరికిన రాయి ఫోటోలు మూడూ చూశాను. బేరగాళ్ళకు చూపించక ముందే నాకు పంపడం మంచిదైంది. అది వజ్రమో పలుగురాయో నువ్వే తేల్చుకోగలవు. గుంతకల్లులో ముప్పై ఏళ్ళు రాళ్ళు తూచిన అనుభవంతో, ఆ పద్ధతి ఏమిటో రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు, ఆ రాయి దగ్గరికి సుత్తిని రానీయకు. నిజమైన వజ్రం సమ్మెట దెబ్బకైనా పగలదని మన ఊళ్ళలో ఇప్పటికీ నమ్మేవారున్నారు. వజ్రం గట్టిదంటే దానిమీద గీత పడదని అర్థమే గానీ, పగలదని కాదు. దానికి నాలుగు దిశల్లో చీలిక తలాలు ఉంటాయి కాబట్టి, దెబ్బ ఆ వాలున పడితే ఇట్టే విడిపోతుంది. మా నాన్న వేరుశెనగ చేలో దొరికిన శెనగగింజంత రాయిని దాగలి మీద పెట్టి కొడితే మూడు ముక్కలైంది. పలుగురాయేనని ఆయన పారేయమంటే, అమ్మ ఒక ముక్కను పసుపు భరిణెలో దాచింది. పాతికేళ్ళ తర్వాత పది రెట్ల భూతద్దం పెట్టి నేను ఆ ముక్కను చూశాను. పలుగురాయి విరిగితే ఆ చోటు గవ్వ వీపులా వంపు తిరిగి ఉంటుంది. ఇది మాత్రం అద్దంలా చదునుగా, మెట్లు మెట్లుగా విరిగి ఉంది. దాని అంచుతో, గట్టిదనంలో వజ్రం తర్వాత చెప్పుకునే కురువిందం రాయి మీద గీస్తే గీత పడింది. ఆ రాత్రి నేను అన్నం తినలేకపోయాను. ఆ ముక్క ఇంకా నా దగ్గరే ఉంది, వచ్చినప్పుడు చూపిస్తాను.

రెండో పొరపాటు మెరుపును నమ్మడం. సానపట్టని వజ్రం తళుక్కుమనదు. నూనె చేత్తో తాకినట్టు జిడ్డు నిగారింపుతో, కొంత మసకగా ఉంటుంది. ఎండలో గాజులా మెరిసి మనల్ని వంగేలా చేసేది చాలావరకు పలుగురాయే. అందుకే ముందు ఆకారం చూడాలి. వజ్రం తరచు రెండు పిరమిడ్లను అడుగులు కలిపి అతికించినట్టు ఎనిమిది ముఖాలతో ఉంటుంది, లేదా ముఖాలు ఉబ్బి గుండ్రబడి ఉంటుంది. భూతద్దంలో చూస్తే ఒక్కోసారి ముఖాల మీద సన్నని త్రికోణపు గుంటలు కనిపిస్తాయి. పలుగురాయి స్ఫటికానికైతే ఆరు పక్కలు ఉంటాయి, ఆ పక్కల మీద అడ్డంగా సన్నని గీతలు ఉంటాయి. అయితే వాగుల్లో దొర్లి అరిగిన రాయికి ఈ గుర్తులేవీ మిగలకపోవచ్చు.

గాజు మీద గీసి చూశానని రాశావు. దానివల్ల ఏమీ తేలదు. గట్టిదనపు కొలతలో గాజు అయిదున్నర దగ్గర ఉంటే, పలుగురాయి 7, వజ్రం 10. కాబట్టి పలుగురాయి కూడా గాజును శుభ్రంగా గీస్తుంది.

నేను ఎక్కువగా నమ్మేది నీటి తూకాన్ని. వజ్రం నీటిలో తేలుతుందని వరాహమిహిరుడు బృహత్సంహితలో రాశాడు. ఆ మాట ఆ నోటా ఈ నోటా విని, రాయిని గ్లాసులో వేసి అది మునగగానే పారేసినవారిని నేను చూశాను. వజ్రం నీటికంటే మూడున్నర రెట్లు బరువైనది కాబట్టి మునిగే తీరుతుంది. నువ్వు నగల దుకాణంలో వాడే, 0.01 గ్రాము వరకు చూపే డిజిటల్ కాటా తీసుకో. ముందు రాయిని పొడిగా తూచు. తర్వాత నీళ్ళ గ్లాసును కాటా మీద పెట్టి అంకెను సున్నా చేసి, రాయిని సన్నని దారంతో కట్టి, అడుగుకు గానీ అంచుకు గానీ తగలకుండా నీటిలో పూర్తిగా ముంచి పట్టుకో. రాయికి గాలిబుడగలు అంటుకుంటే ముందు వాటిని తుడిచేయాలి. అప్పుడు కాటా చూపే అంకెతో పొడి బరువును భాగించు. నీ రాయి 1.32 గ్రాములన్నావు కదా, నీటిలో 0.50 చూపితే భాగఫలం 2.64 వస్తుంది, అంటే అది పలుగురాయి. 0.37, 0.38 చూపితే మూడున్నర దగ్గరికి వస్తుంది. అప్పుడు కూడా తొందరపడకు, ఎందుకంటే తెల్ల పుష్యరాగం (టోపాజ్) బరువు కూడా అంతే. దాని గట్టిదనం 8 మాత్రమే కాబట్టి, గట్టిదనం 9 ఉన్న కురువిందాన్ని అది గీయజాలదు.

రాయి వేడిని ఎంత త్వరగా లాగేసుకుంటుందో చూసి వజ్రాన్ని గుర్తించే పెన్ను కూడా ఒకటుంది, అది రాయి ముఖం శుభ్రంగా, చదునుగా ఉంటేనే సరిగా చెబుతుంది. గరుకు రాయి మీద అది ఏమి చూపినా తూకం వేయకుండా నమ్మకు.

నీ రెండో ఫోటోలో రాయి పక్కన అడ్డగీతలు ఉన్నట్టు నాకు కనిపిస్తోంది. నా మనసు పలుగురాయి వైపే మొగ్గుతోంది. అయినా తూచకుండా పారేయవద్దు. మూడుసార్లు తూచి, మూడు అంకెలూ కాగితం మీద రాసి పంపు. మూడున్నర దగ్గర వస్తే రాయిని దూదిలో చుట్టి ఇంట్లోనే ఉంచు. వ్యాపారి క్యారెట్లలో మాట్లాడతాడు కాబట్టి, క్యారెట్ అంటే 0.2 గ్రాము అని, నీ రాయి 6.6 క్యారెట్లని గుర్తుపెట్టుకో. నేను ఆదివారం పొద్దున వస్తాను, అంతవరకు ఎవరితోనూ ధర మాట్లాడకు.

మీ అమ్మకు నా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
మీ మామ