పాత విమానంలో కొత్త ప్యానెల్: సంతకం ఒకరిది, బాధ్యత ఎవరిది?

ప్రశ్న: నాకు 1970లలో తయారైన నాలుగు సీట్ల, సింగిల్ ఇంజిన్ విమానం ఉంది. సొంత ప్రయాణాలకే వాడుకుంటాను. పాత గైరో మీటర్లు తీసేసి డిజిటల్ డిస్‌ప్లే, జీపీఎస్ నావిగేటర్, విమానం ఎక్కడుందో తనంతట తానే ప్రసారం చేసే ఏడీఎస్-బీ ఉన్న, రాడార్‌కు విమానం గుర్తింపు తెలిపే ట్రాన్స్‌పాండర్ పెట్టించాలని నా ఆలోచన. సొంతంగా కట్టుకునే విమానాల కోసం అమ్మే డిస్‌ప్లే ఒకటి తక్కువలో దొరికితే కొనేశాను. సర్టిఫై అయినదానికీ దీనికీ లోపల తేడా లేదంటున్నారు. ఎలక్ట్రానిక్స్ తెలిసిన నా మిత్రుడు వైరింగ్ చేస్తానన్నాడు. లైసెన్స్ ఉన్న మెకానిక్ ఒకరు చివర్లో సంతకం పెడతానన్నారు. విమానం నాది, ఎక్కేది నా కుటుంబం. చట్టం అడ్డొస్తుందా? ఏదైనా జరిగితే బాధ్యత నాదా, సంతకం పెట్టినవారిదా?

జవాబు: ముందుగా ఆ డిస్‌ప్లేను బిగించే పని ఆపండి. ప్రస్తుతానికి అది పెట్టెలోనే ఉండనివ్వండి.

మీ విమానం ఏ దేశంలో రిజిస్టర్ అయిందో మీరు రాయలేదు. ఈ విషయంలో అన్నిటికంటే ముందు చూడాల్సింది అదే. 1944 నాటి షికాగో ఒప్పందం ప్రకారం విమానం ఏ దేశంలో రిజిస్టర్ అయితే దాని జాతీయత ఆ దేశానిదే. ఎగరడానికి యోగ్యమని సర్టిఫికెట్ (ఎయిర్‌వర్తినెస్ సర్టిఫికెట్) ఇవ్వాల్సిందీ ఆ దేశపు విమానయాన నియంత్రణ సంస్థే. విమానంపై రాసిన గుర్తు ‘ఎన్’తో మొదలైతే అమెరికా ఎఫ్ఏఏ, ‘వీటీ’తో అయితే భారత డీజీసీఏ, ‘జీ’తో అయితే బ్రిటన్ సీఏఏ. హ్యాంగర్ ఏ దేశంలో ఉన్నా, మార్పుకు అనుమతి రిజిస్టర్ చేసిన దేశం నుంచే రావాలి. వివరాల్లో తేడాలున్నా మూలసూత్రం దాదాపు అన్నిచోట్లా ఒక్కటే కనుక దాన్నే చెబుతాను. ఉదాహరణలు ఎక్కువగా అమెరికా నిబంధనల నుంచి తీసుకుంటాను.

ఫ్యాక్టరీలో తయారైన విమానానికి, దాని డిజైన్‌ను ఆమోదిస్తూ ఇచ్చిన టైప్ సర్టిఫికెట్ ఉంటుంది. విమానం ఆ ఆమోదిత డిజైన్‌కు గానీ, దానిలో తర్వాత ఆమోదించిన మార్పుకు గానీ సరిపోయినంతకాలమే మీ ఎయిర్‌వర్తినెస్ సర్టిఫికెట్‌కు విలువ. కాబట్టి డిస్‌ప్లే బాగా పనిచేస్తుందా అన్నది చట్టం అడిగే మొదటి ప్రశ్న కాదు. ఈ మోడల్ విమానంలో, ఈ పద్ధతిలో దాన్ని బిగించడానికి ఆమోదం ఉందా అన్నదే ఆ ప్రశ్న. చాలామంది ఇక్కడే పొరబడతారు. పరికరం మీద టీఎస్ఓ (టెక్నికల్ స్టాండర్డ్ ఆర్డర్) ముద్ర ఉంటే, అది ఒక కనీస ప్రమాణానికి తగ్గట్టు తయారైందని మాత్రమే అర్థం. బిగించడానికి అనుమతి వేరే కావాలి. సాధారణంగా అది ఎస్టీసీ, అంటే అసలు డిజైన్‌లో మార్పును ఆమోదించే అనుబంధ టైప్ సర్టిఫికెట్ రూపంలో వస్తుంది. అది ఏయే మోడళ్లకు వర్తిస్తుందో జాబితా ఉంటుంది, అందులో మీ మోడల్ ఉందో లేదో చూసుకోవాలి. అమెరికాలోనైతే ఎస్టీసీ ఎవరి పేరున ఉందో వారు దాన్ని వాడుకోవడానికి మీకు రాతపూర్వక అనుమతి ఇవ్వాలి. యూరప్‌లో చిన్న విమానాల సాధారణ మార్పులకు సీఎస్-స్టాన్ అనే తేలిక మార్గం ఉంది. అయితే అదీ దాని షరతుల్లో సరిపోయే పనులకే.

‘లోపల తేడా లేదు’ అన్న మాట సర్క్యూట్ వరకు నిజమే కావచ్చు. సొంతంగా కట్టుకునే విమానాల మార్కెట్ కోసం పుట్టిన పరికరాలకు కొన్ని కంపెనీలు తర్వాత ఎస్టీసీ తెచ్చుకున్నాయి కూడా. కానీ ఆ ఆమోదం నిర్దిష్టమైన పార్ట్ నంబర్‌కు, సాఫ్ట్‌వేర్ వెర్షన్‌కు, బిగించే పద్ధతికి ఇచ్చినది. మీ పెట్టెలో ఉన్నది ఆ పార్ట్ నంబర్ కాకపోతే ఆ కాగితం మీకు పనికిరాదు. అలా బిగించి ఎగిరితే, మీరు ఎంత జాగ్రత్తగా నడిపినా ప్రతి ప్రయాణమూ ఉల్లంఘనే.

ఇక మీ మిత్రుడి వైరింగ్ సంగతి. లైసెన్స్ లేనివారు అసలు చెయ్యే పెట్టకూడదని కాదు. అమెరికా నిబంధన 43.3 ప్రకారం సర్టిఫికెట్ ఉన్న మెకానిక్ పర్యవేక్షణలో మరొకరు పని చేయవచ్చు. కానీ పని సరిగ్గా జరుగుతోందని నమ్మకం కుదిరేంత మేర ఆ మెకానిక్ స్వయంగా చూడాలి, సందేహం వస్తే అడగడానికి మనిషిగా అందుబాటులో ఉండాలి. ప్యానెల్ మూసేశాక వచ్చి పెట్టే సంతకం పర్యవేక్షణ కాదు. అది ఆయన లైసెన్స్‌కే ప్రమాదం. పైగా ఈ స్థాయి పని మేజర్ ఆల్టరేషన్ (పెద్ద మార్పు) కిందికి వస్తే దాన్ని నమోదు చేసే ఎఫ్ఏఏ ఫారం 337 నింపాలి, ఇన్‌స్పెక్షన్ ఆథరైజేషన్ (తనిఖీ చేసి ఆమోదించే అదనపు అధికారం) ఉన్న మెకానిక్ గానీ, ఆమోదం పొందిన రిపేర్ స్టేషన్ గానీ ఆమోదించాలి. ట్రేలో అమరే రేడియోను బయటికి లాగి మళ్లీ పెట్టడం లాంటివి పైలట్ లైసెన్స్ ఉన్న యజమాని చేసుకోవచ్చు. ఆ వెసులుబాటు నుంచి ట్రాన్స్‌పాండర్‌నూ ఆటోపైలట్‌నూ స్పష్టంగా మినహాయించారు.

బాధ్యత విషయంలో మెత్తగా చెప్పలేను. విమానాన్ని ఎగరడానికి యోగ్యంగా ఉంచే ప్రాథమిక బాధ్యత యజమానిదే లేదా నడిపించేవారిదేనని ఎఫ్ఏఏ నిబంధన 91.403 సూటిగా అంటుంది. యూరప్ నిబంధనలూ బాధ్యతను యజమాని మీదే పెడతాయి. మెకానిక్ చేసిన తప్పుకు ఆయనా జవాబుదారీయే, కానీ దానితో మీ వాటా పోదు. ఇంకో సంగతి గమనించండి. 1994లో అమెరికా తెచ్చిన చట్టం వల్ల చిన్న విమానాన్ని తొలిసారి అమ్మిన 18 ఏళ్ల తర్వాత, కొన్ని మినహాయింపులు తప్ప, తయారీదారు మీద ప్రమాద పరిహార దావా నిలవదు. మీ విమానం ఆ గడువు ఎప్పుడో దాటింది. కొత్తగా పెట్టిన భాగానికి మాత్రం గడువు కొత్తగా మొదలవుతుంది. కాబట్టి దావా వేసేవారి లాయర్ చూపు ముందుగా ఆ కొత్త భాగం మీద, దాన్ని బిగించినవారి మీద, బిగించమన్న మీ మీద పడుతుంది. ఎక్కేది కుటుంబమే అన్న ధైర్యం వద్దు. ప్రమాదం జరిగితే నష్టపోయేదీ, పరిహారం అవసరమయ్యేదీ వాళ్లే. కింద నేలమీద ఉన్నవారి సంగతి సరేసరి.

బీమా పాలసీ ఇవాళే తీసి చదవండి. చెల్లుబాటయ్యే ఎయిర్‌వర్తినెస్ సర్టిఫికెట్ ఉండాలన్న షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. కొన్నిచోట్ల కోర్టులు ఉల్లంఘనకూ ప్రమాదానికీ సంబంధం ఉందా అని చూస్తాయి. కొన్నిచోట్ల సంబంధం లేకపోయినా క్లెయిమ్ పోతుంది. పని సక్రమంగా చేయించినా కంపెనీకి చెప్పి విమానం విలువను పెంచి రాయించుకోండి, లేకపోతే కొత్త ప్యానెల్‌కు పెట్టిన డబ్బుకు కవర్ ఉండదు. విమానం మీద లోన్ ఉంటే అప్పిచ్చినవారి అనుమతి అవసరమా అన్నదీ చూసుకోండి.

పని ఆమోదం పొందిన వర్క్‌షాప్‌కు ఇచ్చి, మాటల మీద వదిలేయకుండా ఒప్పందం రాసుకోండి. ఏ ఎస్టీసీ కింద చేస్తున్నారో, ఎప్పటికి ఇస్తారో అందులో ఉండాలి. చివరి వాయిదా డబ్బును కాగితాలతో ముడిపెట్టండి: లాగ్‌బుక్ ఎంట్రీ, ఫ్లైట్ మాన్యువల్ సప్లిమెంట్, సవరించిన వెయిట్ అండ్ బ్యాలెన్స్, పరికరాల జాబితా, వైరింగ్ డ్రాయింగ్. చాలా దేశాల చట్టాల్లో బిల్లు చెల్లించేదాకా విమానాన్ని తమ దగ్గరే ఉంచుకునే హక్కు మరమ్మతు చేసినవారికి ఉంటుంది. అదనపు పనికి మీ రాతపూర్వక అంగీకారం తప్పనిసరి అన్న షరతు పెట్టకపోతే ఆ హక్కు మీకు పెద్ద తలనొప్పి అవుతుంది. ట్రాన్స్‌పాండర్‌లో మీ విమానానికి కేటాయించిన 24 బిట్ల గుర్తింపు కోడ్ సరిగ్గా ఎక్కించారో లేదో డెలివరీ రోజే చూడండి. తప్పు కోడ్‌తో ఎగిరితే నోటీసు వచ్చేది మీకే.

కొన్న డిస్‌ప్లేను వెనక్కి ఇవ్వగలిగితే ఇచ్చేయండి. లేదంటే సొంతంగా విమానం కట్టుకుంటున్నవారికి అమ్మండి. రసీదులో అది సర్టిఫై కాని పరికరమని, దాని పార్ట్ నంబర్‌ ఫలానా అని రాసి, కొన్నవారి సంతకం తీసుకోండి.