ఎయిర్ రైఫిల్ గురి కుదరడం లేదా?

ప్రశ్న: బ్యారెల్‌ను మడిచి లోడ్ చేసే మామూలు ఎయిర్ రైఫిల్‌ను నెల క్రితం కొన్నాను. పది మీటర్ల నుంచి కాల్చినా పెల్లెట్లు ఒకచోట పడటం లేదు. లోపం తుపాకీలోనా, నాలోనా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందుగా స్టాక్‌ను, అంటే తుపాకీ చెక్క భాగాన్ని, బిగించే మరలు చూడండి, కొత్త తుపాకీలో అవి తరచుగా వదులవుతాయి. అవి బిగువుగానే ఉంటే లోపం చాలావరకు పట్టులోనిదే. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగు బరువైన పిస్టన్‌ను ముందుకు తోస్తుంది కనుక, పెల్లెట్ గొట్టం దాటేలోపే తుపాకీ కదలడం మొదలుపెడుతుంది. బిగించి పట్టుకుంటే ఆ కదలిక ఒక్కోసారి ఒక్కో తీరుగా ఉంటుంది. అందువల్ల ముందరి చెక్కను తెరిచిన అరచేతిలో ఊరకే ఆనించి, ప్రతిసారీ అదే చోట ఉంచండి. ఇసుక సంచిపై ఆనించినా మధ్యలో అరచెయ్యి ఉండాలి. అంచు నొక్కుకుపోయిన పెల్లెట్లను పక్కన పడేయండి.

2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ కంచు పతకం గెలిచిన పది మీటర్ల పోటీలో, పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరే. మీకు మాత్రం ప్రస్తుతానికి రూపాయి బిళ్లంత చోట ఐదు పెల్లెట్లు పడితే చాలు.

పెల్లెట్ లేకుండా కాల్చకండి. అడ్డుకునే గాలి ఒత్తిడి లేక పిస్టన్ నేరుగా గుద్దుకొని దెబ్బతింటుంది. లోడ్ చేస్తున్నంతసేపూ మడిచిన బ్యారెల్‌పై నుంచి చెయ్యి తీయవద్దు, అది విడివడితే వేళ్లు నలుగుతాయి. పిట్టల జోలికి అసలే పోవద్దు.