గాలం వేటకి ఏ యాక్షన్ కెమెరా తీసుకోవాలి?
చెన్నైలో ఉంటూ ఆదివారాలు పులికాట్ వైపు గాలం పట్టుకుని వెళ్లేవారికి ఏ కెమెరా మేలని అడిగారు. 4కె, 5.3కె అంటూ వీడియో స్పష్టత లెక్కలు పక్కన పెట్టి ముందు బ్యాటరీ సంగతి చూడండి. చేప మనకి చెప్పి పడదు కదా, గంటల తరబడి రికార్డింగ్ నడవాలి. అందుకే అదనపు బ్యాటరీలు రెండు, పాత క్లిప్పులు చెరిపేస్తూ సాగే లూప్ రికార్డింగ్ ఉండాలి.

నీటి గురించి టెన్షన్ అక్కర్లేదు. విడిగా కేసు లేకుండానే గోప్రో హీరో 12 పది మీటర్ల లోతు, డీజేఐ ఓస్మో యాక్షన్ 4 పద్దెనిమిది మీటర్లు తట్టుకుంటాయి. కానీ పడవలోంచి జారితే రెండూ మునుగుతాయి, తేలే హ్యాండిల్ కొనాల్సిందే. కెమెరా బిగించుకోవడానికి నేనైతే ఛాతీకి కట్టే బెల్టే వాడతాను. తలకి పెడితే చూసేవాళ్లకి కళ్లు తిరుగుతాయి. ఇంటికి రాగానే బ్యాటరీ మూత తెరవకుండా మంచినీళ్లతో కడగండి. ఉప్పు ఎండితే బటన్లు బిగుసుకుపోతాయి.