పాఠకుల ప్రశ్నలు: సీఎన్‌సీ లేత్ నేర్చుకోవడం ఎలా?

ప్రశ్న: నేను విజయవాడ ఆటోనగర్‌లో మామూలు లేత్ మీద టర్నర్‌గా పనిచేస్తున్నాను. లారీలకు కావలసిన పిన్నులు, బుష్‌లు ఎక్కువగా చేస్తుంటాను. మా యజమాని త్వరలో సీఎన్‌సీ (కంప్యూటరు ప్రోగ్రాంతో నడిచే) లేత్ కొంటున్నారు. పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివిన నాకు ప్రోగ్రామింగ్ వస్తుందా? దేనితో మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: తప్పకుండా వస్తుంది. ముక్కను చక్‌లోంచి ఎంత బయటికి ఉంచితే వణుకుతుందో, కోత శబ్దం మారితే టూల్ మొన అరిగిందని ఎలా పసిగట్టాలో మీకు ఇప్పటికే తెలుసు కనుక, కంప్యూటరు తెలిసి లోహం తెలియని వారికన్నా మీరే ముందుంటారు. మీరు రోజూ చేసే పనినే ఒక్క అడుగు కూడా వదలకుండా వరుసగా రాస్తే అదే ప్రోగ్రాం. రోజువారీ పనికి కావలసిన కోడ్‌లు కొద్దే: వేగంగా జరగడానికి జి00, కోస్తూ జరగడానికి జి01, వంపులకు జి02, జి03, స్పిండిల్ తిప్పడానికి ఎం03, కూలెంట్‌కు ఎం08, ముగించడానికి ఎం30. ఇవి చేస్తూ ఉంటే వచ్చేస్తాయి. జాగ్రత్త పడవలసినవి వేరే ఉన్నాయి.

మొదటిది ఎక్స్ కొలత, అంటే టూల్ ముక్కకు అడ్డంగా జరిగే దిశలోని కొలత. మామూలు లేత్ క్రాస్ స్లైడ్ డయల్‌ను 1 మి.మీ. తిప్పితే సాధారణంగా వ్యాసం 2 మి.మీ. తగ్గుతుంది. సీఎన్‌సీ లేత్‌లో మాత్రం ఎక్స్ విలువను సాధారణంగా వ్యాసంగానే రాస్తారు కనుక, ఎక్స్50.0 నుంచి ఎక్స్48.0కు వెళ్తే కోత లోతు 1 మి.మీ. మాత్రమే. చుక్కను కూడా మరచిపోవద్దు. ఎక్స్50 అని చుక్క లేకుండా రాస్తే కొన్ని కంట్రోళ్లు (మెషీన్‌ను నడిపే కంప్యూటర్లు) దాన్ని 50 మైక్రాన్లుగా, అంటే 0.05 మి.మీ.గా తీసుకుంటాయి. అప్పుడు జి00లో ఉన్న టూల్ నేరుగా ముక్క మధ్యకు దూసుకుపోతుంది.

రెండవది స్పీడు. ఫానుక్ కంపెనీ తరహా కంట్రోళ్లలో జి96 ఎస్150 అని ఇస్తే, కోత వేగం నిమిషానికి 150 మీటర్లు ఉండేలా మెషీనే తిరుగుడు మార్చుకుంటుంది. 50 మి.మీ. వ్యాసం దగ్గర అది సుమారు 955 ఆర్‌పీఎం; ఫేసింగ్ చేస్తూ (ముక్క చివరి ముఖాన్ని చదును చేస్తూ) 10 మి.మీ.కు వచ్చేసరికి 4,775 అవుతుంది, కేంద్రానికి చేరేకొద్దీ ఇంకా పెరుగుతూనే ఉంటుంది. ఆ వేగానికి చక్ దవడల పట్టు సడలి ముక్క ఎగిరిపడవచ్చు. అందుకే జి96కు ముందు 1,500 ఆర్‌పీఎం దాటనివ్వని జి50 ఎస్1500 వంటి హద్దు తప్పనిసరిగా పెట్టాలి. ఆ హద్దు ఎంత ఉండాలన్నది మీ చక్‌నూ ముక్కనూ బట్టి ఉంటుంది. ఈ ఒక్క విషయంలో ఎవరు తొందరపెట్టినా వినకండి.

ఇక అసలు పనితనం ఆఫ్‌సెట్‌లలో, అంటే టూల్ స్థానాన్ని సరిచేయడానికి మెషీన్‌కు ఇచ్చే సవరణ అంకెలలో ఉంది. 30 మి.మీ. పిన్ను చేయాలనుకోండి. మొదటి ముక్కకు వేర్ (అరుగుదల) ఆఫ్‌సెట్‌లో ఎక్స్‌కు 0.3 కలిపి ఫినిషింగ్ కోత వేయండి, కొలత 30.30 రావాలి. మైక్రోమీటరు 30.34 చూపిస్తే, ఆఫ్‌సెట్ నుంచి 0.34 తగ్గించి అదే కోతను మళ్లీ నడపండి. ముక్క పాడుకాదు, కొలత 30.00కు వస్తుంది.

కొత్త ప్రోగ్రాంను ఎప్పుడూ సింగిల్ బ్లాక్‌లో (ఒక్కో వరుస తర్వాత ఆగేలా), ర్యాపిడ్‌ను (జి00 వేగాన్ని) బాగా తగ్గించి నడపండి. టూల్ ముక్క దగ్గరికి రాగానే కదలికను ఆపే ఫీడ్ హోల్డ్ నొక్కి, ఇంకా ఎంత దూరం జరగాలని తెర చూపిస్తోందో, కంటికి ఎంత ఖాళీ కనిపిస్తోందో పోల్చి చూడండి. తెర మీద 40 మి.మీ. ఉండి ఎదుట రెండు వేళ్ల సందు కూడా లేకపోతే ఆఫ్‌సెట్ తప్పినట్టే, ముందుకు పోనివ్వకండి.

మెషీన్ అమ్మేవారు సాధారణంగా శిక్షణ ఇస్తారు. అందులో మీరూ కూర్చునేలా యజమానిని ఇప్పుడే అడగండి, ప్రోగ్రామింగ్ మాన్యువల్ తప్పక తీసుకోమనండి. బయట కోర్సులో చేరేటట్లయితే, మీ చేత్తో టూల్ సెట్ చేయనిస్తారో లేదో ముందు తెలుసుకోండి. తెర మీద బొమ్మలు చూపి పంపేచోట డబ్బు కట్టవద్దని నా సలహా.

ప్రశ్న: క్యామ్ సాఫ్ట్‌వేరే ప్రోగ్రాం రాసి ఇస్తున్నప్పుడు చేత్తో రాయడం ఎందుకు నేర్చుకోవాలి?
– ఒక డిప్లొమా విద్యార్థిని, గుంటూరు

జవాబు: సాఫ్ట్‌వేర్ ఇచ్చినదాన్ని చదవగలగడానికి. 25 మి.మీ. పొడవులో వ్యాసం 30 నుంచి 40కి పెరిగే టేపర్ తీసుకోండి. రెండు చివరల కొలతలు ఇస్తే చాలు, జి01 ఆ వాలును కోసేస్తుంది. కానీ ఇన్సర్ట్ (టూల్‌కు బిగించే కోత ముక్క) మొన సూదిలా ఉండదు, 0.8 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రంగా ఉంటుందనుకోండి. దాన్ని లెక్కలోకి తీసుకునే జి42 లేకపోతే, నేరుగా ఉన్నచోట కొలత సరిపోయినా టేపర్ మీద తేడా వస్తుంది. ప్రోగ్రాం చదవడం వచ్చినవారు ఆ వరుసలో జి42 ఉందా అని చూస్తారు; రానివారు ఇన్సర్ట్‌లు మారుస్తూ కూర్చుంటారు. ముందు కాగితం మీద రాసి, తర్వాత క్యామ్ ఇచ్చినదానితో పోల్చి చూడండి.