చంద్రుడి మీదకి మనుషులు వెళ్ళిన మిషన్లలో మీకు బాగా నచ్చింది ఏది? ఎందుకు?

అందరూ అపోలో 11 అంటారు, కాస్త ఎక్కువ చదివినవాళ్ళు అపోలో 13 అంటారు. ఎవరేమన్నా నా ఓటు అపోలో 12కే. చంద్రుడి మీద నడిచిన 12 మందిలో పీట్ కాన్రాడ్, అలన్ బీన్ ఇద్దరూ ఈ మిషన్ వాళ్ళే, ఎంతమందికి గుర్తున్నారు చెప్పండి? పైన కక్ష్యలో తిరుగుతూ ఉండిపోయిన డిక్ గోర్డన్ పేరైతే ఎవరూ ఎత్తరు.

1969 నవంబర్ 14. ఫ్లోరిడాలో వాన, ఆకాశం నిండా మబ్బు, ప్రెసిడెంట్ నిక్సన్ కూడా చూడ్డానికొచ్చాడు, ఆ వానలోనే సాటర్న్ 5 రాకెట్‌ని లేపారు. 36 సెకన్లకి పిడుగు పడింది. రాకెట్టూ దాని వెనకాల పొడుగ్గా సాగే మంటా కలిసి పిడుగు దిగడానికి దారిచ్చాయి. 52వ సెకనుకి ఇంకోటి. మొదటి దెబ్బకి కరెంటిచ్చే ఫ్యూయల్ సెల్స్ మూడూ లైన్‌లోంచి ఊడిపోయాయి, వార్నింగ్ లైట్లు వరసపెట్టి వెలిగాయి, రెండో దెబ్బకి క్యాప్సూల్‌కి దిక్కు చెప్పే గైడెన్స్ ప్లాట్‌ఫామ్ పోయింది. రాకెట్‌ని నడిపే కంప్యూటర్ వేరేగా రాకెట్‌లోనే ఉంది కాబట్టి అది మాత్రం తన దారిన తాను పోతూనే ఉంది.

హ్యూస్టన్‌లోని నాసా కంట్రోల్ రూమ్‌లో స్క్రీన్ల మీద అంకెలన్నీ అడ్డదిడ్డం. ఫ్లైట్ డైరెక్టర్ గెర్రీ గ్రిఫిన్‌కి ఆ సీట్లో కూర్చుని లాంచ్ నడపడం అదే మొదటిసారి. కరెంటు చూసుకునే డెస్క్‌లో ఉన్న జాన్ ఆరన్‌కి 26 ఏళ్ళు. ఆయన అన్నది ఒక్క ముక్క, "ఎస్‌సీఈని ఆక్స్‌కి వేసి చూడండి". గ్రిఫిన్‌కి అదేంటో అర్థం కాలేదు, పైన కాన్రాడ్ కూడా అదేంటనే అడిగాడు, బీన్‌కి మాత్రం ఆ స్విచ్ ఎక్కడుందో తెలుసు, వేశాడు, అంకెలు తిరిగొచ్చేశాయి! వోల్టేజీ పడిపోయి సెన్సర్ల సిగ్నల్ సర్దిపంపే పెట్టె, అదే ఎస్‌సీఈ, ఆగిపోయింది, ఆక్స్‌లో పెడితే అది తక్కువ వోల్టేజీలోనూ నడుస్తుంది, జరిగింది అంతే. తర్వాత ఫ్యూయల్ సెల్స్‌ని ఒక్కొక్కటిగా మళ్ళీ లైన్‌లోకి తెచ్చుకున్నారు.

ఆరన్‌కి ఎలా తెలుసంటే, దాదాపు ఏడాది ముందు ఒక టెస్ట్‌లో ఇలాగే కరెంటు పడిపోయి ఇలాంటి పిచ్చి అంకెలే వచ్చాయి. ఎవరూ అడక్కపోయినా అవి ఎందుకొచ్చాయా అని ఆయన తవ్వి చూసుకున్నాడు.

నాకు ఇది ఇంతలా పట్టుకోవడానికి కారణం ఉంది. నేను థర్మల్ పవర్ స్టేషన్‌లో కంట్రోల్ రూమ్ మనిషిని. ఒక వానాకాలం నైట్ షిఫ్ట్‌లో ఉరుములు మెరుపులు, ఉన్నట్టుండి ఫ్యాన్ల బేరింగ్ టెంపరేచర్లు ఒకేసారి నోటికొచ్చినట్టు చూపించడం మొదలెట్టాయి. షిఫ్ట్ ఇన్‌ఛార్జి గారు యూనిట్ ఆపేద్దామనే దాకా వచ్చారు. అప్పుడు మా ఇన్‌స్ట్రుమెంటేషన్ కుర్రాడు, కాంట్రాక్ట్ మీద పనిచేసేవాడు, "సార్, ఇన్ని బేరింగులు ఒకే సెకన్లో వేడెక్కవు సార్, ఇవన్నీ ఒకే ప్యానెల్‌వి, సప్లై పోయుంటుంది" అన్నాడు. ఫీల్డ్‌లో ఉన్నాయన బేరింగుల దగ్గరకెళ్ళి చూసి వాకీటాకీలో "ఏం లేదన్నా, మామూలుగానే ఉన్నాయి" అన్నాడు. ప్యానెల్ తలుపు తీస్తే పవర్ సప్లై దీపం ఆరిపోయి ఉంది. ఆ కుర్రాడికి పర్మనెంట్ లేదు, ఆ రాత్రి చేసినదానికి కాగితం మీద ఒక్క మాటా లేదు. లాగ్‌బుక్‌లో పోయిన గంట రీడింగే దింపేసి టీకెళ్ళే వాళ్ళకి మాత్రం ప్రమోషన్లు టైమ్‌కి వస్తాయి. దీని గురించి ఎంత చెప్పినా నా కోపం తీరదు.

సరే, అపోలో 12ని జనం మర్చిపోవడానికి కారణం నా లెక్కలో టీవీయే. చంద్రుడి మీద దిగాక కలర్ టీవీ కెమెరా పొరపాటున సూర్యుడి వైపు తిరిగి కాలిపోయింది, ఇంట్లో కూర్చున్నవాళ్ళకి చూడ్డానికి బొమ్మ లేదు. అక్కడ జరిగిన పని చూస్తేనేమో మతిపోతుంది. 1967లో దిగిన సర్వేయర్ 3 అనే మనుషుల్లేని నౌకకి 200 మీటర్ల లోపే దిగారు, నడుచుకుంటూ వెళ్ళి దాని కెమెరా కోసి వెనక్కి తెచ్చారు. అపోలో 11 అనుకున్నచోటు దాటి కిలోమీటర్ల అవతల దిగింది, నాలుగు నెలల్లో గురి అంత కుదిరింది.

ఇదంతా స్టూడియోలో తీశారని వాట్సాప్‌లో పంపేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. వీళ్ళు నడిచిన కాలిబాటలు చంద్రుడి చుట్టూ తిరిగే నాసా నౌక ఎల్‌ఆర్‌ఓ తీసిన ఫోటోల్లో ఇప్పటికీ కనిపిస్తున్నాయి, చూసి మాట్లాడండి. 1972 తర్వాత ఎందుకు వెళ్ళలేదు అనేది డబ్బు సంగతి, 18, 19, 20 మిషన్లని 1970 కల్లా బడ్జెట్ కోసం కొట్టేశారు. దొరికితే అపోలో 12 లాంచ్ ఆడియో మొదటి రెండు నిమిషాలు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, కాన్రాడ్ ఆరిపోయినవాటి జాబితా చదువుతుంటాడు, ఆ గొంతులో కంగారు ఎక్కడన్నా దొరుకుతుందేమో చూడండి.