కనిపించని పద్మం

చిరంజీవికి ఆశీస్సులు.

పోటీకని రాసిన నీ మోటుపల్లి రేవు కథ ఏకబిగిన చదివాను. ఓడ మునిగిన వర్తకుడి భార్య రేవులో నిలబడ్డ చోటు బాగుంది. పదకొండో పేజీలో మాత్రం ఆగిపోయాను. అద్దకం పెద్దాయన "కలాన్ని ఎర్రరంగులో ముంచి పద్మం గీశాడు" అని రాశావు. ఎర్రరంగులో ఎవరూ కలం ముంచరమ్మా!

ముంచేది పటిక నీళ్ళలో. కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరేసిన గుడ్డ మీద ఆ నీళ్ళతో గీస్తే లేత పసుపు మరక తప్ప ఏమీ తేలదు. తర్వాత ఏట్లో జాడించి, ఎరుపునిచ్చే చిరివేరు వేసిన కాగులో ఉడకబెడతారు. పటిక తగిలిన చోటే ఎరుపు నిలుస్తుంది. మిగతా చోట అంటిన కాస్తా పేడనీళ్ళకీ ఎండకీ పోతుంది. ఆ పెద్దాయన తనకింకా కనిపించని పద్మాన్ని గీస్తున్నాడన్నమాట. అది వదిలేసి చీర "మిలమిలలాడింది" అని మూడుసార్లు రాశావు. పైగా కలంకారీ పారశీక మాట, కాకతీయుల నాటి మనిషి నోట పెట్టకు.

శ్రీకాళహస్తిలో గుడి తెరలు రాసే ఒకాయన నా పాతికేళ్ళ వయసులో కలం నా చేతికిచ్చాడు. వెదురు పుల్లకు ఉన్ని చుట్టి దారం కట్టింది. వేళ్ళతో నొక్కితే నీరు దిగుతుంది. నా గీత పక్కలకి పాకింది. "గుడ్డకి పాలు చాల్లేదు బాబూ" అన్నాడాయన. ఆ మాట మీదే కథ రాశాను. సంపాదకుడు ఆ పేరానే కొట్టేసి, "కథలో పాఠాలెందుకు" అని చీటీ పంపాడు. ముప్పై ఏళ్ళైనా మర్చిపోలేదు. ఇప్పుడు చారిత్రక కథంటే రాణులూ కత్తులే. పనిచేసే చెయ్యి ఒక్కటీ కనపడదు.

కాకతీయ రాజు గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం చదివావా? తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాక్కునేవారు. సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని ఆయన మాటిచ్చాడు. నీ కథ ఆ శాసనానికి ముందు జరిగిందా, తర్వాతా? ముందైతే ఆవిడ మొగుణ్ణీ సరుకునూ రెండింటినీ పోగొట్టుకుంది. తర్వాతైతే ఆ మూటలు ఆవిడవే. సాలెగూడులా ఉంటాయని ఆ శతాబ్దం చివర్లో మార్కోపోలో మెచ్చుకున్న బట్టలు ఈ సీమవే. ఒక మూట విప్పించు.

పోటీ సంగతి తర్వాత. ముందు లేపాక్షి వెళ్ళు. అక్కడి గుడి పైకప్పు మీదివి పదహారో శతాబ్దపు బొమ్మలు, నీ కథకు మూడొందల ఏళ్ళ తర్వాతవి. అయినా మంటపం కింద వెల్లకిలా పడుకుని, పైకప్పులో ఆడవాళ్ళ చీరల అంచులు ఒక్కొక్కటీ చూడు. తిరిగొచ్చాక, పెద్దాయన కాగులోంచి గుడ్డ పైకి తీసే పేజీ ఒక్కటి రాసి పంపు.