నూనె ముందుగాల, క్రీము తడి మీద

నూనె మీద నూనె రాసినా ఎంటికలు లేస్తనే ఉన్నయంటే నూనె తక్కువై కాదు, రాసే వేళ తప్పి. ఇంటికాడ పొద్దుగాల నూనె పెట్టి బిగ్గ జడేస్తే ఆ జడే ఎంటికలను పట్టి ఉంచేది. ఇక్కడ, పరాయి దేశంల, విరబోసుకొని ఆఫీసుకు పోతరు, ఇగ పట్టేది ఏముంది? పొడి జుట్టు మీద రాసిన నూనె మెరుపునిస్తది, జర అణుస్తది, అంతే. ఎండిన ఎంటికకు తడి తెచ్చియ్యదు.

ఎంటిక మీద చేప పొలుసు లెక్క పొర ఉంటది. ఆ పొర దెబ్బతిన్న కాడ గాలిల తేమ లోపలికి పోయి ఎంటిక ఒకదిక్కు ఎక్కువ, ఒకదిక్కు తక్కువ ఉబ్బుతది, వంకర తిరుగుతది. హ్యూస్టన్, మయామి ఎండకాలంల అయ్యేది ఇదే. చికాగో, టొరంటో చలికాలం కథ వేరే. హీటర్ నడిచి ఇంట్ల గాలి ఎండిపోతది, ఉన్ని టోపీ తీయంగనే ఎంటికలు కరెంటు పట్టినట్టు లేస్తయి. రెండింటికి ఒకటే సీసా పనిచెయ్యదు.

ముందుగాల నీళ్లు చూసుకోండ్రి. నల్లగొండ బోరు నీళ్లనంగనే ఫ్లోరైడే యాదికొస్తది గని, నీళ్లను కఠినం చేసేది అది కాదు, కాల్షియం, మెగ్నీషియం. లండన్, ఫీనిక్స్, లాస్ వేగాస్, శాన్ ఆంటోనియో నీళ్లు గూడ అసుంటియే. సియాటెల్, న్యూయార్క్, గ్లాస్గోలల్ల మెత్తటి నీళ్లు. కెటిల్ అడుగుకు, నల్లా మూతికి తెల్లగ సున్నం పడితే మీవి కఠినం నీళ్లని గుర్తు. అసుంటి కాడ నెత్తికి సబ్బు పెట్టొద్దు. సబ్బు ఆ సున్నంతోని కలిసి తెట్టె కట్టి ఎంటికకు అంటుకుంటది, ఎంత కడిగినా బిరుసుగనే ఉంటది. నెలకు రెండుసార్లు కీలేటింగ్ షాంపూ, అంటే ఆ సున్నాన్ని పట్టి తీసే ఈడీటీఏ ఉన్న షాంపూ, పెట్టుకోండ్రి. షవర్‌కు బిగించే చిన్న ఫిల్టర్ క్లోరిన్ తగ్గిస్తది గని సున్నం తియ్యదు, దాని మీద పైసలు పెట్టేముందు ఆలోచించుకోండ్రి.

ఇగ నూనె. కొబ్బరి నూనెను మించింది లేదు, ఇది ఊరి మీద ప్రేమతోని అనేది కాదు. దాంట్ల ఎక్కువున్న లారిక్ ఆమ్లం ఎంటిక లోపలికి దిగుతది, కడిగినప్పుడు పోయే ప్రోటీన్‌ను తగ్గిస్తది. మినరల్ ఆయిల్, పొద్దుతిరుగుడు నూనె పైపైననే ఉంటయి. అందుకే కొబ్బరి నూనె పని స్నానానికి ముందు. భుజాల కిందిదాక ఉన్న జుట్టుకు రెండు టీ స్పూన్లు, చెవుల కిందినుంచి కొసలదాక, గంట సేపు. చాలు. గిన్నెడు పోసుకుంటే అది పోయేదాక షాంపూ మీద షాంపూ రుద్దాలె, ఉన్న లాభం గూడ కడుక్కపోతది. చుండ్రు ఉన్నోళ్లు మాడుకు రాయొద్దు, చుండ్రు చేసే ఈస్ట్‌కు ఆ కొవ్వే బువ్వ. 24 డిగ్రీల కింద నూనె గడ్డ కడతది, సీసాను వేడి నీళ్ల గ్లాసుల నిలబెడితే కరుగుతది. ఆముదం ఇష్టమున్నోళ్లు మూడు వంతుల కొబ్బరి నూనెల ఒక వంతు కలుపుకోండ్రి. ఒట్టి ఆముదం పొడుగు జుట్టుకు పట్టిస్తే విడదీయరాని చిక్కు పడొచ్చు. అన్నట్టు, నూనె కారిన బాత్‌టబ్ మస్తు జారుతది, దిగేముందు వేడి నీళ్లు, సబ్బుతోని కడగండ్రి.

స్నానానికి గోరువెచ్చని నీళ్లు. షాంపూ మాడుకు, కండిషనర్ కొసలకు. కండిషనర్ మూడు నిమిషాలు ఉంచి, అది ఉండంగనే ఎడం పండ్ల దువ్వెనతోని కొసలనుంచి పైకి చిక్కు తియ్యండ్రి. తువ్వాలతోని రుద్దొద్దు. పాత నూలు బనీను చుట్టి ఒత్తితే చాలు.

అందరు తప్పేది ఇక్కడనే. లీవ్-ఇన్ క్రీము (రాసినంక కడగకుండ ఉంచుకునేది) జుట్టు ఆరినంక కాదు, నీళ్లు కారుడు ఆగంగనే, తడి మీద రాయాలె. శనగ గింజంత తీసుకొని అరచేతులల్ల రుద్ది కొసలకు, మిగిలింది పైకి. ఉంగరాల జుట్టోళ్లు దాని మీద జెల్ రాసి, ముట్టకుండ పూర్తిగ ఆరనియ్యండ్రి. గట్టిపడ్డదని భయం వద్దు, ఆరినంక రెండు చుక్కల నూనె చేతులకు రాసుకొని పిసికితే మెత్తబడతది. క్రీము, జెల్ కలిసి తెల్లగ పొట్టు రాలుతున్నదా? రెంటిని అరచేతుల కలిపి చూడండ్రి, విరిగిన పాల లెక్క అయితే ఆ జత పనికిరాదు.

ఉక్కపోత ఊర్లల్ల లేబుల్ మీద మొదటి వరుసల్నే గ్లిజరిన్ ఉన్న క్రీము వద్దు, అది గాలిల తేమను లాగి ఎంటికను ఇంక ఉబ్బిస్తది. అక్కడ డైమెథికోన్ అనే సిలికాన్ ఉన్న సీరమ్ రెండు మూడు చుక్కలు మంచిగ ఆపుతది. సిలికాన్ అంటే విషమన్నట్టు చెప్పే మాటలు పట్టించుకోకండ్రి, వారం పది రోజులకోసారి గట్టి షాంపూ పెడితే పేరుకుపోదు. చలి ఊర్ల హ్యుమిడిఫయర్ (గాలికి తేమ పట్టించే మిషను) పెట్టి ఇంట్ల తేమ 40 శాతం చుట్టు ఉంచుకుంటే సగం పని అయినట్టే.

ఐరన్ పెట్టేటోళ్లు తడి జుట్టుకు అస్సలు పెట్టొద్దు, ఎంటిక లోపలి నీళ్లు ఆవిరై బుడగలొచ్చి అక్కడనే తెగుతది. వేడి 180 డిగ్రీల సెల్సియస్ దాటనియ్యొద్దు, ఒక పాయ మీద ఒకటే సారి. సెలూన్ల జుట్టు సాపు చేసే కెరటిన్ చేయించుకునేముందు డబ్బా అడిగి చదవండ్రి. ఫార్మాలిన్, మిథిలీన్ గ్లైకాల్ అని ఉంటే వేడి తగలంగనే ఫార్మాల్డిహైడ్ గ్యాస్ వస్తది. కడుపుతోని ఉన్నోళ్లు దాని జోలికి పోవద్దు.

సెలవులకు ఊరికి పోయేటప్పుడు కీలేటింగ్ షాంపూ చిన్న సీసా వెంట తీసుకపోండ్రి, అక్కడి బోరు నీళ్లకు గూడ పనికొస్తది. చానా ఎయిర్‌పోర్టులల్ల చేతి సంచిల పెట్టే సీసా 100 మిల్లీలీటర్లు మించొద్దు.